డాక్టరుగారొస్తున్నారు, సూది వేస్తారు!

మీ ఇంట్లో అన్నానికి మారాం చేసే పిల్లవాడు ఉన్నాడా? ఉంటే, నిజం చెప్పండి, "అదిగో డాక్టరుగారొస్తున్నారు, తినకపోతే సూది వేస్తారు" అని ఎన్నిసార్లు అని ఉంటారు? లెక్కపెట్టలేదంటారా? మా ఇంట్లోనూ ఎవరూ లెక్కపెట్టలేదు. డాక్టరు ఇంట్లోనే డాక్టరు పేరు చెప్పి పిల్లలకు బువ్వ తినిపించారంటే ఇక చెప్పేదేముంది? వెనకటికి బూచివాడు చేసే ఉద్యోగం ఇప్పుడు మా చేతికొచ్చింది.

ఆ మధ్య ఒక పెళ్లిలో భోజనాల పంక్తిలో కూర్చున్నాను. తెల్లకోటు లేదు, మెడలో స్టెతస్కోపు లేదు. పంచె కట్టుకుని, అందరిలాగే విస్తరి ముందు కూర్చున్నాను. పక్కన ఒక పెద్దావిడ మూడేళ్ల మనవడికి ముద్దలు కలిపి పెడుతోంది. వాడు నోరు తెరవడం లేదు. ఆవిడ నన్ను చూపించి, "ఈ తాతగారు డాక్టరురా. పప్పన్నం తినకపోతే సూది పొడిచేస్తారు" అంది. పిల్లవాడు నా మొహం చూశాడు, నా చేతికేసి చూశాడు. చేతిలో ఉన్నది పూర్ణం బూరె. అయినా వాడు గుక్కపట్టి ఏడవడం మొదలుపెట్టాడు. "చూశారా, మీరంటే ఎంత భయమో!" అని ఆవిడ మురిసిపోయింది. పంక్తిలో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను గాని, బూరె గొంతు దిగలేదు. దానికో కారణం ఉంది, తరవాత చెబుతాను. ముందు ఈ పిల్లవాడి ఏడుపు సంగతి తేల్చుకుందాం.

వాడు నన్ను అంతకుముందు చూడలేదు. నేను వాడికి ఎప్పుడూ సూది వేయలేదు. మరి ఆ భయం ఎక్కడిది?

దీనికి జవాబు రష్యాలో ఒక కుక్కల శాలలో దొరికింది. ఇవాన్ పావ్లోవ్ అనే శాస్త్రజ్ఞుడికి 1904లో నోబెల్ బహుమతి వచ్చింది. మనస్తత్వ శాస్త్రానికి కాదు, జీర్ణక్రియ మీద చేసిన పరిశోధనకు. తిండి పెట్టినప్పుడు కుక్క నోట్లో లాలాజలం ఎంత ఊరుతుందో ఆయన కొలిచేవాడు. అక్కడే ఒక చిక్కు వచ్చిపడింది. తిండి నోటికి అందకముందే, తిండి తెచ్చే మనిషిని చూడగానే కుక్కలకు నోరూరేది. ఇంకొకరైతే లెక్క తప్పుతోందని విసుక్కునేవారు. ఆయన ఆ తప్పునే పట్టుకుని ఏళ్ల తరబడి పరిశోధించాడు. ముందు ఒక చప్పుడు వినిపించి, వెంటనే తిండి పెట్టడం. ఇలా కొన్నిసార్లు చేశాక, తిండి పెట్టకుండా చప్పుడు ఒక్కటే వినిపించినా కుక్కకు నోరూరింది. గంట కొట్టాడని అందరం కథగా చెప్పుకుంటాం. టక్ టక్ మని తాళం కొట్టే మెట్రోనోమ్‌నూ, బజరునూ కూడా ఆయన వాడాడు.

పూర్వం ఏ అర్థమూ లేని చప్పుడుకు ఇప్పుడు ఒక అర్థం వచ్చిందన్నమాట. దీన్ని మన పాఠ్యపుస్తకాల్లో నిబంధనం అంటారు. పేరు బరువుగా ఉందని బెదరకండి. కొత్త ఆవకాయ జాడీకి కట్టిన వాసెన విప్పుతున్నప్పుడు మీ నోట్లో ఏం జరుగుతుందో గమనించండి. ఆవకాయ ఇంకా నాలుక మీద పడలేదు. అయినా నోరూరుతుంది. పావ్లోవ్ కుక్క నేర్చుకున్నదీ అదే, మీరు నేర్చుకున్నదీ అదే.

ఇందులో ఒక కిటుకుంది. చప్పుడు ముందు రావాలి, తిండి తరవాత రావాలి. అటుదిటు అయితే పాఠం సరిగ్గా పట్టదు. ఇప్పుడు మన పసిబిడ్డ టీకాల సంగతి చూడండి. ఆరు వారాలకు ఒకసారి, పది వారాలకు ఒకసారి, పద్నాలుగు వారాలకు ఇంకోసారి. ప్రతిసారీ ముందు తెల్లకోటు కనబడుతుంది, స్పిరిటు వాసన వస్తుంది, నర్సమ్మ చెయ్యి తొడ మీద పడుతుంది. ఆ తరవాత చురుక్కుమంటుంది. తొమ్మిదో నెలకు వచ్చేసరికి కొందరు పిల్లలు ఆసుపత్రి గుమ్మంలోనే రాగం అందుకుంటారు. స్పిరిటు వాసనే వాళ్లకు సూది. అంతటితో ఆగదు. క్షవరం చేయించడానికి సెలూన్‌కి తీసుకెళితే అక్కడా ఏడుస్తారు. ఎందుకంటారా? అక్కడా తెల్లగుడ్డ కప్పి, ఇనుప వస్తువు చేతబట్టుకుని ఒక పెద్దమనిషి నిలబడి ఉంటాడు.

ఇలా ఒకదాని భయం దాన్ని పోలిన మరోదానికి పాకుతుందని అమెరికాలో జాన్ వాట్సన్ చూపించాడు. మనసులో ఏముందో ఎవరికీ కనబడదు, కనబడేది ప్రవర్తన ఒక్కటే, కొలవగలిగేదీ అదే అని 1913లో వాదించినవాడు ఈయనే. ఆ ఆలోచనకే ప్రవర్తనావాదం అని పేరు. ఈయనా, రోజలీ రేనర్ అనే సహాయకురాలూ కలిసి ఆల్బర్ట్ అని పేరు పెట్టిన పదకొండు నెలల పిల్లవాడి మీద ఒక ప్రయోగం చేసి 1920లో ప్రచురించారు. ఆ పిల్లవాడికి తెల్ల ఎలుకంటే మొదట భయం లేదు, చెయ్యి చాపేవాడు. వాడు ఎలుకను తాకబోయినప్పుడల్లా వెనక నుంచి ఇనుప కడ్డీ మీద సుత్తితో ఠంగుమని కొట్టారు. ఏడుసార్లు కొట్టేసరికి, చప్పుడు లేకపోయినా ఎలుకను చూస్తే చాలు, పిల్లవాడు ఏడ్చి దూరంగా పాకిపోయాడు. కొన్ని రోజులయ్యాక కుందేలును చూసినా, కుక్కను చూసినా, బొచ్చు కోటును చూసినా బెదిరాడు. వాడి భయం పోగొట్టకుండానే ప్రయోగం ముగిసింది. నాకు ఇది చదివినప్పుడల్లా ఒళ్లు మండుతుంది. ఇవాళ ఏ ఆసుపత్రిలోనూ ఇలాంటి ప్రయోగానికి అనుమతి దొరకదు.

అయితే ఆ సుత్తి మనం రోజూ పట్టుకుంటూనే ఉన్నాం గదా! "డాక్టరు" అనే మాట ముందు, "సూది పొడుస్తారు" అనే మాట వెనక. అన్నం తినకపోతే ఒకసారి, నిద్రపోకపోతే ఒకసారి, బడికి వెళ్లనంటే ఇంకోసారి.

పిల్లల సంగతి ఇలా ఉంటే, పెద్దవాళ్లది దీనికి పూర్తిగా ఎదురు. వాళ్లకు సూది అంటే ప్రీతి. నా మొదటి ఉద్యోగం తూర్పు గోదావరి మెట్ట ప్రాంతంలో ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో. పొద్దున్నే వరండా నిండా జనం. బిళ్ళలు రాసిస్తే చీటీ తీసుకుని కదిలేవారు కాదు. "డాక్టరుగారండీ, ఓ సూదేసెయ్యండి. సూదేస్తే గాని మా ఒంటికి పట్టదండి" అనేవారు. మామూలు జలుబు జ్వరం మందు వేసినా వేయకపోయినా మూడు నుంచి అయిదు రోజుల్లో దానంతటదే తగ్గుతుంది. మన రైతు మొదటి రోజు రాడు, పని ఉంటుంది. మూడో రోజు వస్తాడు. సూది వేయించుకుంటాడు. నాలుగో రోజుకు జ్వరం పోతుంది. ఘనత ఎవరికి దక్కింది? సూదికి.

దీని వెనక ఉన్న సూత్రం 1898లో థార్న్‌డైక్ అనే ఆయన పిల్లులతో తేల్చాడు. ఆకలిగా ఉన్న పిల్లిని పెట్టెలో పెట్టి, బయట తిండి పెట్టేవాడు. అది అటూ ఇటూ గీరి, దూకి, ఎప్పటికో పొరపాటున గడియ లాగి బయటపడేది. మళ్లీ మళ్లీ పెడితే తప్పుడు ప్రయత్నాలు తగ్గి, గడియ లాగడం మిగిలేది. మంచి ఫలితం ఇచ్చిన పని నిలుస్తుంది, ఇవ్వనిది జారిపోతుంది. స్కిన్నర్ అనే ఆయన దీన్ని ఇంకా ముందుకు తీసుకెళ్లాడు. పని వెంటనే వచ్చి, ఆ పనిని మళ్లీ చేయించే ఫలితాన్ని పునర్బలనం అన్నారు. 1948లో ఆయన ఒక చిత్రమైన సంగతి ప్రకటించాడు. ఆకలిగొన్న పావురాలను పెట్టెల్లో పెట్టి, అవి ఏం చేస్తున్నా సరే, గడియారం ప్రకారం గింజలు పడేలా ఏర్పాటు చేశాడు. కొంతసేపటికి ఒక పావురం గుండ్రంగా తిరుగుతోంది. ఇంకొకటి మూలకు తల పొడుస్తోంది. గింజలు పడే ముందు ఏది చేస్తూ ఉందో, దాని వల్లే గింజలు వచ్చాయని అది నమ్మినట్టు ఉందని ఆయన అన్నాడు. తరవాతివాళ్లు ఈ వివరణ మీద అభ్యంతరాలు చెప్పారు, అది వేరే కథ. మా వరండాలో జనాన్ని చూసినప్పుడల్లా మాత్రం నాకు ఆ పావురాలే గుర్తొచ్చేవి.

జనాన్ని అని ఊరుకోవడం న్యాయం కాదు. నేనూ పావురాన్నే. సూది వేస్తే రోగి నవ్వుతూ వెళ్లేవాడు, "చెయ్యి మంచిదండి" అని నలుగురికీ చెప్పేవాడు. వేయకపోతే మొహం ముడుచుకునేవాడు. ఆ నవ్వే నాకు గింజ. ఎర్రగా ఉండే బి12 ఇంజక్షన్లు అవసరం లేనివాళ్లకు ఎన్ని వేశానో! పిల్లలకు కూడా, మామూలు జ్వరాలకు. కాంపౌండరు కాళ్లు పట్టుకునేవాడు, తల్లి చేతులు పట్టుకునేది, నేను పొడిచేవాణ్ణి.

అలా నా దగ్గరకు వచ్చినవాళ్లలో ఒక తొమ్మిదేళ్ల పిల్లవాడు ఉండేవాడు. ఇంట్లో బుజ్జి అనేవారు. 1997 వేసవిలో కాలికి మేకు గుచ్చుకుని వచ్చాడు. వాడే ఇంటికి కుంటుతూ వెళ్లి తల్లికి చెప్పాడట. ఆవిడ ముందు వీపు మీద రెండు వేసి, తరవాత తీసుకొచ్చింది. పుండు కడిగి, ధనుర్వాతం రాకుండా టీకా వేశాను. అది అవసరమే. వాడు గింజుకున్నాడు, నలుగురం పట్టుకున్నాం. అంతా అయ్యాక నేను సరదాకు ఒక మాటన్నాను. "మళ్లీ పిచ్చివేషాలేస్తే ఈసారి ఇంతకన్నా పెద్ద సూది వేస్తాను." తల్లి నవ్వింది. "విన్నావా?" అని వాడి చెవి మెలేసింది. వాడు తల ఊపాడు.

సంక్రాంతి వెళ్లాక బుజ్జిని మళ్లీ తీసుకొచ్చారు. రెండు రోజులుగా జ్వరం, కుడి పిక్కలో తిమ్మిరి, మంట. అన్నం, నీళ్లు ముట్టడం లేదన్నారు. గ్లాసుతో మంచినీళ్లు తెప్పించి అందించాను. గ్లాసు పెదవుల దగ్గరకు రాకముందే వాడి గొంతు కండరాలు బిగుసుకుపోయాయి, కళ్లు పైకి వెళ్లాయి. ఫ్యాను గాలి తగిలినా అదే తంతు. వైద్య పుస్తకంలో చదివిందే గాని అప్పటికి నేను కళ్లారా చూడలేదు. అయినా చూడగానే తెలిసిపోయింది. "కుక్కేమైనా కరిచిందా?" అంటే ఇంట్లోవాళ్లు లేదంటే లేదన్నారు. వాళ్ల వెనకాల నిలబడ్డ పక్కింటి పిల్లవాడు ఏడుస్తూ చెప్పాడు. కార్తీకమాసంలో చెరువుగట్టు మీద కుక్కపిల్ల పిక్క మీద పీకిందట. ఇద్దరూ కలిసి పసుపు అద్దారట. ఇంట్లో చెబితే అమ్మ కొడుతుందని, డాక్టరుగారు పెద్ద సూది వేస్తారని, ఎవరికీ చెప్పొద్దని బుజ్జి ఒట్టు వేయించుకున్నాడట.

జిల్లా ఆసుపత్రికి పంపాం. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక చేయగలిగింది అప్పుడూ ఏమీ లేదు, ఇప్పుడూ దాదాపు ఏమీ లేదు. మూడో రోజున పోయాడు.

పెద్దకర్మ అయ్యాక తల్లి ఆసుపత్రికి వచ్చింది. నన్ను నిందించడానికి కాదు. బల్ల పక్కన నిలబడి, "నాకు చెబితే చంపేస్తానా, డాక్టరుగారండీ? ఎందుకు చెప్పలేదండి వాడు?" అని అడిగింది. నేను ఏమీ చెప్పలేకపోయాను. ఆవిడకు గుర్తు లేదు గాని నాకు గుర్తుంది. ఏడాది కూడా కాలేదు, వాడు ఒకసారి చెప్పాడు. చెప్పినందుకు ఏం దొరికిందో వాడు నేర్చుకున్నాడు.

నీళ్లు చూస్తే బిగుసుకుపోవడం ఆ జబ్బు పెట్టిన బాధ. సూది భయం మాత్రం మేం పెట్టింది.

ఇక్కడ ఒక సంగతి మీరు జాగ్రత్తగా వినాలి. కొడితే పిల్లవాడు తప్పు మానేస్తాడని మనం అనుకుంటాం. శిక్ష చేసే పని అది కాదు. శిక్షించే మనిషి కళ్లెదుట ఆ పని ఆగుతుంది, అంతే. ఆ మనిషి కళ్లు కప్పడం ఎలాగో కూడా పిల్లవాడు నేర్చుకుంటాడు. పైగా మనం దేన్ని శిక్షిస్తున్నామనుకుంటామో, పిల్లవాడు దాన్నే లెక్కలోకి తీసుకుంటాడని నమ్మకం లేదు. మేకు తొక్కింది పొద్దున. తల్లికి చెప్పింది మధ్యాహ్నం. దెబ్బలు పడింది చెప్పిన మరుక్షణం. ఏ పనికి ఆ ఫలితం అతుక్కుంటుంది? దగ్గరగా ఉన్నదానికే. చెప్పడం కూడా ఒక పనే. దానికీ ఫలితం ఉంటుంది.

ఆ రోజుల్లో కుక్కకాటు మందు మీద కూడా పిల్లల్లో పెద్ద కథలుండేవి. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులని. అబద్ధమూ కాదు. గొర్రె మెదడు నుంచి తయారుచేసిన ఆ పాత టీకాను పొట్ట మీద రోజుకొకటి చొప్పున ఏడు నుంచి పద్నాలుగు దాకా వేసేవాళ్లం. వేయించుకున్న ఒక్కడి అరుపులు బడి మొత్తానికి పాఠం. తనకు జరగకపోయినా పక్కవాడికి జరిగింది చూసి నేర్చుకుంటారని 1960ల్లో ఆల్బర్ట్ బందూరా ప్రయోగాలు చేసి చూపించాడు. మన దేశంలో ఆ టీకా తయారీ 2004 చివరలో ఆగిపోయింది. ఇప్పుడు వేసేది భుజానికి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో చర్మంలోకి కొద్దిగా, మొదటి రోజు, మూడో రోజు, ఏడో రోజు, ఇరవై ఎనిమిదో రోజు. గాయం లోతైతే దాంతోపాటు గాయం చుట్టూ ఇంకో మందు. టీకా మారి ఇన్నేళ్లయినా "బొడ్డు చుట్టూ" కథ మాత్రం ఊళ్లల్లో ఇంకా తిరుగుతోంది. ఈసారి మీ చెవిన పడితే ఖండించండి.

సరే, నేర్పిన భయాన్ని మరిపించడం ఎలా? వాట్సన్ వదిలేసిన పని 1924లో మేరీ కవర్ జోన్స్ అనే ఆవిడ చేసి చూపించింది. పీటర్ అని మూడేళ్లు నిండని పిల్లవాడు. కుందేలంటే వణుకు. వాడికి ఇష్టమైన తిండి పెట్టి, వాడు తింటూ ఉండగా కుందేలును బోనులో పెట్టి దూరంగా ఉంచేది. బెదరకపోతే ఇంకొంచెం దగ్గరకు. బెదిరితే వెనక్కి. ఇలా జరుపుకుంటూ పోయి, చివరికి వాడు ఒక చేత్తో తింటూ ఇంకో చేత్తో కుందేలును నిమిరే దాకా వచ్చాడు. తొందరపడితే మాత్రం బెడిసికొడుతుంది. తిండి రుచి కుందేలుకు అంటుకోవడానికి బదులు, కుందేలు భయం తిండికి అంటుకుంటుంది.

నేను బుజ్జి పోయాక చేసింది ఇదే, ఆవిడ పేరు అప్పటికి నాకు తెలియకపోయినా. సూదుల ట్రేను నా బల్ల మీద నుంచి తీయించి వెనక గదిలో పెట్టించాను. అవసరం లేని సూదులు మానేశాను. జలుబుకు వచ్చిన పిల్లలకు స్టెతస్కోపు ఇచ్చి నా గుండె వినమనేవాణ్ణి, ఏమీ పొడవకుండా పంపేవాణ్ణి. డాక్టరు దగ్గరకు వెళితే పదిసార్లలో తొమ్మిదిసార్లు నొప్పి ఉండదని వాళ్లు నేర్చుకోవాలి గదా.

పెద్దవాళ్లతోనే పెద్ద చిక్కయింది. అలవాటైన ఫలితం ఆగిపోతే ఆ పని వెంటనే తగ్గదు, ముందు పెరుగుతుంది. మీరు రోజూ నొక్కే స్విచ్చి ఒకరోజు వెలగకపోతే నాలుగుసార్లు టపటపా నొక్కరూ? అలాగే సూది వేయనన్న మొదటి నెల జనం మరింత గట్టిగా అడిగారు, అరిచారు, కొందరు ఊళ్లోని ప్రైవేటు వైద్యుడి దగ్గరకు వెళ్లిపోయారు. నా వరండా సగం ఖాళీ అయింది. అప్పుడైనా బిగబట్టి ఉండాల్సింది. ఒకరోజు ఊరి పెద్ద బావమరిది వచ్చి గంటసేపు గొడవ చేస్తే, పోనీలే అని ఎర్రసూది వేసేశాను. దాంతో ఊరంతా నేర్చుకున్నది ఏమిటంటే, గంటసేపు గొడవ చేయాలని. ఎప్పుడో ఒకసారి ఫలించే పని, ప్రతిసారీ ఫలించే పనికన్నా మొండిగా నిలుస్తుంది. స్కిన్నర్ చెప్పిన వాటిలో ఇంట్లో ఎక్కువగా పనికొచ్చేది ఇదే. కొట్టు ముందు దొర్లి ఏడ్చే పిల్లవాడికి తొమ్మిదిసార్లు కాదని పదోసారి బిస్కట్టు కొనిస్తే, మీరు నేర్పింది పదిసార్లు ఏడవమనే.

ఏడుపు చూడలేక టీకా వేయించకుండానే బిడ్డను వెనక్కి తీసుకెళ్లే తల్లులున్నారు. గుమ్మం దాటగానే పిల్లవాడికి ఎంత హాయిగా ఉంటుందో! ఆ హాయే వాడికి బహుమతి. వచ్చేసారి ఇంకా గట్టిగా ఏడుస్తాడు. తప్పించుకున్న భయం తగ్గదు. దాన్ని ఎదుర్కొని, అనుకున్నంత ఘోరం జరగలేదని చూసుకుంటేనే తగ్గుతుంది. అప్పుడు కూడా పూర్తిగా చెరిగిపోదు. పావ్లోవ్ కుక్కకు తిండి పెట్టకుండా చప్పుడు మాత్రమే వినిపిస్తూ పోతే నోరూరడం ఆగిపోయేది గాని, కొంత విరామం ఇచ్చి మళ్లీ వినిపిస్తే మళ్లీ ఊరేది. అందుకే భయం తగ్గిందనుకున్న పిల్లవాడు ఆరునెలల తరవాత మళ్లీ ఏడిస్తే నిరాశపడకండి. రెండోసారి తొందరగా సర్దుకుంటుంది.

టీకాకు వెళ్లేటప్పుడు "నొప్పే ఉండదురా" అనకండి. ఉంటుంది. "చురుక్కుమంటుంది, ఇరవై అంకెలు లెక్కపెట్టేలోపు తగ్గుతుంది" అనండి. చంటిబిడ్డయితే పాలిస్తూ ఉండగానే టీకా వేయించండి, నొప్పి తక్కువగా తెలుస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఒప్పుకుంది. కాస్త పెద్దవాణ్ణి మంచం మీద అదిమి పట్టుకోకుండా ఒళ్లో నిటారుగా కూర్చోబెట్టుకోండి. చాక్లెట్టు ఇవ్వదలిస్తే ఏడుపు ఆపడానికి ఇవ్వకండి, పని అయ్యాక ఇవ్వండి. పిల్లలందరూ ఒకలాగే నేర్చుకోరు. కొందరు పుట్టుకతోనే బెదురు మనుషులు, ఓపిక ఎక్కువ కావాలి. లోపల ఆలోచన అంటూ ఒకటి ఉంటుందని, దానితో మనకు పనిలేదన్న వాట్సన్ మాట అతిగా ఉందని ఇప్పుడు అందరూ ఒప్పుకుంటున్నారు.

సూది చూడగానే కళ్లు తిరిగి పడిపోయే పెద్దవాళ్లు ఉన్నారు. వాళ్లు సిగ్గుపడక్కర్లేదు. మామూలు భయంలో రక్తపోటు పెరుగుతుంది, వీళ్లలో మొదట పెరిగి, తరవాత ఒక్కసారిగా పడిపోతుంది. అందుకే వీళ్లకు "ఒళ్లు వదులు చేసుకో" అన్న సలహా పనికిరాదు. చేతులు, కాళ్లు, పొట్ట కండరాలు పది పదిహేను సెకన్లు గట్టిగా బిగించి వదలాలి, మళ్లీ బిగించాలి. 1980ల్లో స్వీడన్‌లో ఓస్ట్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఇది. సూది వేసే భుజాన్ని మాత్రం వదులుగా ఉంచండి. పడుకుని వేయించుకుంటే ఇంకా మేలు.

ఇక కుక్క సంగతి. కరిచినా, గీరినా, పిల్ల అయినా, పెంపుడుదైనా, వెంటనే కుళాయి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడగండి. పసుపు, సున్నం, కారం వద్దు. అదే రోజు ఆసుపత్రికి రండి. రోజులు గడిచిపోయినా సరే, ఇక లాభం లేదని ఊరుకోకండి, రండి. పిల్లవాడు వచ్చి చెప్పినప్పుడు మీ నోటి వెంట వచ్చే మొదటి మాట "చెప్పి మంచి పని చేశావు" అని ఉండనివ్వండి. కుక్క దగ్గరకు ఎందుకు వెళ్లావని అడగడానికి రేపు కూడా ఉంటుంది.

ఈమధ్య మా ఆసుపత్రికి రెండో తరగతి చదివే పిల్ల వాళ్ల నాయనమ్మతో వచ్చింది. ఎదురింటి కుక్కపిల్ల గీరిందని తనే చెప్పిందట. మొదటి రోజు కాస్త కళ్లనీళ్లు పెట్టుకుంది. మూడో రోజు చొక్కా చెయ్యి తనే పైకి మడుచుకుంది. ఇరవై ఎనిమిదో రోజున, ఆఖరి డోసు నాడు, పక్కన తన ఈడు పిల్లనొకదాన్ని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది.

"దీన్ని కూడా గీరిందండి. వాళ్లమ్మకు చెప్పలేదండి" అంది.

ఆ పిల్ల కాలు చూశాను. సన్నటి గీత, నాలుగు రోజుల నాటిది. నర్సమ్మను సబ్బు తెమ్మన్నాను.